వైరస్‌ని మ్యూట్ చేసే మొక్కలు!

సంక్రాంతి సెలవులకి ఊరెళ్లా. సాయంత్రం చేలోకి పోతే నాన్న గట్టు మీద దిగులుగా కూర్చుని ఉన్నాడు. మా మాగాణిలో వరి తర్వాత మినుము వేస్తాం. ఆ పచ్చటి చేలో అక్కడక్కడా పసుపు. దగ్గరికెళ్లి చూస్తే ఆకుల నిండా పసుపు మచ్చలు. చిన్నప్పట్నుంచీ వింటున్న పేరే... పల్లాకు తెగులు.

“ఇప్పటికి రెండుసార్లు మందు కొట్టాన్రా. కొట్టు ఆయన మూడోది రాసిచ్చాడు. అప్పుకైనా ఇస్తాడంట. కొడితే పచ్చబడుద్దా?” అన్నాడు నాన్న.

నేను చదివింది బయోటెక్నాలజీ. జవాబు తెలుసు. కానీ చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకంటే మొక్కలోకి దూరిన ఈ వైరస్‌ని చంపే మందు ఏ కొట్లోనూ దొరకదు. కొట్టే మందంతా దాన్ని మోసుకొచ్చే తెల్లదోమ మీదకే. మరి వైరస్‌తో పోరాడేది ఎవరు? మొక్కే!

కవల వైరస్

పల్లాకు తెగులు తెచ్చేది జెమినీ వైరస్‌ల కుటుంబంలోది. మిరపలో, టమాటాలో ఆకుముడత తెచ్చే వైరస్‌లు దీని చుట్టాలే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే రెండు గుళ్లు అతుక్కున్నట్టు కనిపిస్తాయి. అందుకే మిథున రాశి పేరు పెట్టారు.

మొక్కల వైరస్‌లలో ఎక్కువ వాటికి ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. దీనికి ఉండేది డీఎన్‌ఏ. పల్లాకు వైరస్‌లో రెండు చిన్న డీఎన్‌ఏ రింగులు, ఒక్కోదాంట్లో సుమారు 2,700 అక్షరాలు. అంతే దాని ఆస్తి. తన డీఎన్‌ఏకి కాపీలు తీసుకునే ఎంజైమ్ కూడా సొంతంగా లేదు. మొక్క కణంలోని కేంద్రకంలోకి దూరి, అక్కడున్న ఎంజైమ్‌లనే వాడుకుంటుంది. మన ఇంట్లోకి జొరబడి, మన జిరాక్స్ మెషీన్ మీదే తన పోస్టర్లు అచ్చేసుకున్నట్టు!

మొక్కకేమో మనలా యాంటీబాడీలు ఉండవు. అయినా చేతులు ముడుచుకుని కూర్చోదు.

రెండు తాళాలు

ఏ జీన్ పనిచేయాలన్నా ముందు దాన్నుంచి ఆర్‌ఎన్‌ఏ అనే కాపీ రావాలి. మామూలుగా అది ఒంటి పోగు. వైరస్ రింగు మీద జీన్లు రెండు దిక్కులకీ తిరిగి ఉంటాయి కాబట్టి, ఎదురెదురుగా వచ్చిన కాపీలు ఒకదానికొకటి అతుక్కుని జంట పోగు అవుతాయి. కొన్నిసార్లు మొక్క ఎంజైమే ఒంటి పోగుకి జత కడుతుంది.

జంట పోగు కనబడితే మొక్కకి అనుమానం వచ్చేసినట్టే. డైసర్ అనే ఎంజైమ్‌లు దాన్ని 21, 22, 24 అక్షరాల ముక్కలుగా కోసేస్తాయి. ఆర్గోనాట్ అనే ప్రొటీన్ ఆ ముక్కని నిందితుడి ఫొటోలా పట్టుకుని వెతుకుతుంది. దానికి సరిపోయే వైరస్ ఆర్‌ఎన్‌ఏ దొరికితే కత్తిరించేస్తుంది. ఇది మొదటి తాళం.

కానీ డీఎన్‌ఏ వైరస్‌కి ఇదొక్కటే చాలదు. కాపీలు ఎన్ని చింపినా, ఒరిజినల్ కేంద్రకంలో భద్రంగా ఉంటుంది కదా! అందుకే రెండో తాళం. 24 అక్షరాల ముక్కలు దారి చూపిస్తే, వైరస్ డీఎన్‌ఏ మీదే మిథైల్ అనే రసాయన ముద్రలు పడతాయి. ముద్రపడిన జీన్ మూగబోతుంది. వాట్సాప్ గ్రూపు డిలీట్ అవ్వదు, మ్యూట్‌లోకి వెళ్తుంది. అంతే తేడా. అరబిడోప్సిస్ అనే చిన్న మొక్కలో ఈ ముద్రలు వేసే జీన్లు పనిచేయకపోతే, జెమినీ వైరస్ జబ్బు ఇంకా తీవ్రంగా వస్తుందని 2008లో అమెరికా పరిశోధకులు చూపించారు.

మరి మా చేను ఎందుకు పసుపెక్కింది? వైరస్ కూడా ఊరుకోదు కాబట్టి. దానికున్న కొద్దిపాటి జీన్లలోనే కొన్ని ఈ తాళాలు విరగ్గొట్టడానికి ఉన్నాయి. ఏసీ2 అనే ప్రొటీన్ మిథైల్ ముద్రల పనికే అడ్డుపడుతుంది. ఇది పరుగుపందెం. మొక్క లేతగా ఉన్నప్పుడే సోకితే కాపు దాదాపు పోయినట్టే. ముదిరాక సోకితే నష్టం తక్కువ.

మొక్కకి మనం సాయం చేయలేమా?

చేయొచ్చని మన మినుము మీదే తేలింది. 2003లో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం, స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు కలిసి అప్పటికే పల్లాకు సోకిన మినుము మొక్కల్ని తీసుకున్నారు. వైరస్ జీన్లను ఆన్ చేసే భాగం నుంచి జంట పోగు తయారయ్యేలా ఒక డీఎన్‌ఏ ముక్కని రూపొందించి, జీన్ గన్‌తో ఆకుల్లోకి కొట్టారు. చాలా మొక్కలు కోలుకున్నాయి! అది ప్రయోగం వరకే, కొట్లో దొరికేది కాదు. బ్రెజిల్ మాత్రం ఇదే సూత్రంతో జెమినీ వైరస్‌ని తట్టుకునే చిక్కుడు జాతి పంటకి 2011లో అనుమతిచ్చింది.

టమాటా కథ ఇంకోలా ఉంది. దక్షిణ అమెరికా అడవి టమాటా నుంచి, మామూలు సంకరంతోనే, టీవై-1 అనే జీన్‌ని సాగు రకాల్లోకి తెచ్చారు. అదేం చేస్తుందో 2013లో బయటపడింది. ఒంటి పోగుకి జత కట్టే ఎంజైమ్‌ల కుటుంబంలోదే అది! అంటే మొక్కకున్న ఆయుధాన్నే ఇంకాస్త పదును పెట్టారన్నమాట.

ఇదంతా గట్టు మీద కూర్చుని చెప్పా. నాన్న ఓపిగ్గా విని, “అయితే మూడో మందు?” అన్నాడు.

“వద్దు నాన్నా. పసుపెక్కిన ఆకు మళ్లీ పచ్చబడదు. చేను కాయ మీదకొచ్చేసింది. ఇప్పుడు అప్పు చేస్తే అప్పే మిగులుద్ది.”

వచ్చే ఏడు చేయాల్సినవి ఫోన్‌లో టైప్ చేసి పంపా. పల్లాకుని తట్టుకునే రకం వెయ్యాలి. మొదట్లో ఒకటీ అరా పసుపు మొక్క కనబడగానే పీకి చేలోంచి తీసేయాలి. తెల్లదోమ కోసం పసుపు రంగు జిగురు అట్టలు పెట్టాలి. మొక్క తన తాళాలు వేసుకునేదాకా దానికి కాస్త టైమ్ ఇవ్వాలి, అంతే.

ఆ ఏడు కాయ తగ్గింది. కొత్త అప్పు మాత్రం అవ్వలేదు. మొన్న విత్తనాలు కొనేటప్పుడు నాన్న కొట్లోంచే ఫోన్ చేశాడు.

“ఒరేయ్, పల్లాకుని తట్టుకునే రకమేనంట. బిల్లు కూడా రాయించుకున్నా. ఫొటో పంపుతా, ఓసారి చూడు.”