మొదటి ఆయిల్ దించుడు

ఎల్లారెడ్డిపేటలో కామారెడ్డి రోడ్డు పక్కన ఒక షెడ్డు. బొలెరో కింద మెకానిక్ పడుకుని ఉన్నాడు, కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. బండి పాతదే. ఇంజన్ మాత్రం బోరింగ్ చేయించుకుని, కొత్త పిస్టన్లు, కొత్త రింగులు వేయించుకుని వచ్చింది. తర్వాత తిరిగింది వెయ్యి కిలోమీటర్లే. ఇంతలోనే ఆయిల్ మార్చాలంటే మా మేనబావకు మనసొప్పడం లేదు.

"గిప్పుడే తీసుడెందుకు తమ్మీ? నూనె మంచిగనే ఉన్నది గదా."

"నూనె మంచిదే అన్నా. అండ్ల కలిసిందే మంచిది కాదు."

ఈ ఒక్క మాట అర్థం కావడానికి మోటారు లోకానికి చాలా ఏళ్లు పట్టింది.

ఎడ్లబండి కాలంలో ఈ సమస్యే లేదు. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి ఇరుసుకు కందెన పెట్టేవారు. పెట్టింది కారిపోయేది, మళ్లీ పెట్టేవారు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్లదీ అదే పద్ధతి. నూనె డబ్బా పట్టుకుని అతుకు అతుకుకూ రెండు చుక్కలు వేస్తారు. ఆ చుక్క తన పని చేసి కింద పడిపోతుంది, లేదా గుడ్డ మీద పడి మరకవుతుంది. అంతేగానీ తిరిగి డబ్బాలోకి రాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో చాలా విమానాల ఇంజన్లు కూడా ఇలాగే పనిచేశాయి. ఇంజన్ మొత్తం గిర్రున తిరిగే ఆ రోటరీ రకాల్లో పోసింది మన ఆముదమే. వాడిన ఆముదం పొగతోపాటు బయటికి చిమ్మి పైలట్ మొహాన పడేది. 1909లో వచ్చిన క్యాస్ట్రాల్ పేరు వెనకున్నదీ ఆముదమే. ఆముదం గింజను ఇంగ్లీషులో క్యాస్టర్ అంటారు కదా.

చిక్కు మొదలైంది నూనెను పొదుపు చేయడం నేర్చుకున్నాకే. ఇంజన్ అడుగున ఒక తొట్టి పెట్టారు. మన మెకానిక్‌లు ఛాంబర్ అనేది దీన్నే. పంపు ఆ నూనెను పైకి తోడుతుంది. అది బేరింగులను తడిపి, సిలిండర్ గోడల మీదుగా జారి మళ్లీ ఛాంబర్‌లోకే వస్తుంది. చక్కటి ఏర్పాటే. అయితే నూనె తిరిగితే మురికీ దానితోనే తిరుగుతుంది. అరిగిన లోహపు పొడి, గాలిలో వచ్చిన ఇసుక, కాలిన మసి, అన్నీ కలిసి బేరింగుల మధ్య సానరాయి పని మొదలుపెడతాయి. అందుకే తొలినాటి కార్లవాళ్లు కొన్ని వందల మైళ్లకే నూనె పారబోసేవారు.

దీనికి మందు కనిపెట్టినవాడు ఎర్నెస్ట్ స్వీట్‌ల్యాండ్ అనే అమెరికన్. కార్ల మనిషి కాదు, కర్మాగారాలకు వడపోత యంత్రాలు తయారుచేసినవాడు. ఇలాంటి బయటివాళ్లే ఒక్కోసారి లోపలివాళ్లకు కనపడనిది చూస్తారు. కర్మాగారాల్లో వడగట్టే ఆ తెలివినే ఇంజన్ నూనెకు వాడాడు. 1923లో ప్యూరోలేటర్ పుట్టింది. 'ప్యూర్ ఆయిల్ లేటర్' అన్న మూడు మాటలను నొక్కి కుదిస్తే వచ్చిన పేరది. అందులో నూనెను వడగట్టింది నేసిన గుడ్డ! నేతన్నల జిల్లాలో కూర్చుని ఇది రాస్తుంటే ఆ సంగతి దగ్గర కలం కాసేపు ఆగింది. 1924లో వచ్చిన క్రైస్లర్ కారు ఆయిల్ ఫిల్టర్‌తోనే బయటికొచ్చింది.

ఆ ఫిల్టర్లకు ఒక లోపం ఉండేది. పంపు తోడే నూనెలో కొద్ది భాగమే వాటి గుండా పోయేది, మిగతాది వడగట్టకుండానే బేరింగులకు చేరేది. నూనె మొత్తాన్నీ వడగట్టే పద్ధతి తర్వాత స్థిరపడింది. గుడ్డ స్థానంలో రెసిన్ పట్టించిన కాగితం వచ్చింది. 1950లలో చేత్తో తిప్పి బిగించే డబ్బా వచ్చింది. ఈ రోజు షెడ్డు మూలన గుట్టగా పడి ఉండేవి ఆ డబ్బాలే.

మెకానిక్ ఛాంబర్ నట్టు వదులు చేశాడు. ఇంజన్‌ను పది నిమిషాలు నడిపి ఆపాడు గనుక నూనె వేడిగా, పల్చగా ధారకట్టింది. నల్లగా ఉంది. మా బావ మొహం మారింది. నిజానికి డీజిల్ ఇంజన్‌లో నూనె కొద్ది రోజులకే నల్లబడుతుంది. ఆ నలుపు మసిది. మసి రేణువు ఎంత సన్ననిదంటే ఫిల్టర్‌కు చిక్కదు. నూనెలో కలిపిన రసాయనాలు దాన్ని గడ్డకట్టనీయకుండా తేల్చి ఉంచుతాయి. నల్లబడిందంటే నూనె తన పని చేస్తోందనే లెక్క.

తర్వాత అతను పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని ఆ నూనెలో ముంచి తీశాడు. బూడిదరంగు నూగు పట్టుకుని వచ్చింది. పాత ఫిల్టర్‌ను రంపంతో కోసి, లోపలి మడతల కాగితాన్ని లాగి ఎండకు పట్టాడు. రెండు మూడు మూరల పొడుగుంది. దాని మీద అక్కడక్కడా మిలమిల మెరుపు. బోరింగ్ చేసినప్పుడు సిలిండర్ గోడ మీద నూనె నిలవడానికి అడ్డదిడ్డంగా సన్నగీతలు గీస్తారు. ఆ గీతల అంచులను కొత్త రింగులు మొదటి వెయ్యి కిలోమీటర్లలో కొరికి చదును చేసుకుంటాయి. రాలిన ఆ పొడే ఈ మెరుపు.

అన్నీ ఫిల్టరే పట్టేస్తుంది కదా, నూనె మార్చడం దేనికి అంటారా? మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మామూలు ఫిల్టర్ గట్టిగా పట్టేది 20, 30 మైక్రాన్లకు పైబడిన రేణువులనే. బేరింగుల మధ్య నూనె పొర కొన్నిచోట్ల కొద్ది మైక్రాన్లే ఉంటుంది. ఆ మధ్య సైజు రేణువులు ఎన్నిసార్లు తిరిగినా ఫిల్టర్ దాటిపోతూనే ఉంటాయి. వాటికి బయటికి దారి ఛాంబర్ నట్టు ఒక్కటే. ఇంకో సంగతి: కాగితం పూర్తిగా పూడుకుపోతే లోపలి వాల్వ్ తెరుచుకుని మురికి నూనెనే ఇంజన్‌కు పంపుతుంది. నూనె అసలే అందకపోవడం కన్నా అది నయమని.

కొత్త ఫిల్టర్ రబ్బరు రింగుకు వేలితో కాస్త నూనె రాశాడు. రింగు ఆనేదాకా తిప్పి, అక్కణ్నుంచి ముప్పావు చుట్టు చేత్తోనే బిగించాడు. పానా ముట్టలేదు. అంతకుముందు పాత రింగు ఊడి వచ్చిందో లేదో వేలితో తడిమి చూశాడు. అది చూడకుండా ఓసారి నా బండికే కొత్తది బిగించారు. రింగు మీద రింగు పడి, మాచారెడ్డి చేరేలోగా రోడ్డు మీద గీత గీసినట్టు నూనె కారిపోయింది.

షోరూమ్ నుంచి వచ్చిన కొత్త బండికి ఈ వెయ్యి లెక్క ఉండకపోవచ్చు. ఇప్పటి కంపెనీలు సిలిండర్లను ముందే చదును చేసి పంపుతున్నాయి. వాళ్లు ఇచ్చిన పుస్తకంలో ఏ కిలోమీటరు రాసి ఉంటే దాన్నే నమ్మండి. బోరింగ్ చేయించిన ఇంజన్‌కు మాత్రం షెడ్డువాడి మాట వినండి.

దించిన నూనెను దర్వాజలకు, సెంట్రింగ్ పలకలకు పూయడం మనకు అలవాటు. అయితే 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన నూనె కూడా ఉంది. దాన్ని శుద్ధి చేసి మళ్లీ నూనెగా మార్చే పరిశ్రమలున్నాయి. షెడ్డులో డ్రమ్ము ఉంటే అందులోనే పోయించండి. మోరీలో పోస్తే చేరేది మన చెరువుకే.