డీటీపీ సెంటర్ గడప దాటని స్వేచ్ఛ

వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాల్లోని పాత పుస్తకాన్ని స్కాన్ చేస్తే మనకు దక్కేది బొమ్మ. అందులో ఒక పేరు వెతకాలంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్ కావాలి. ఆ పనిచేసే టెసరాక్ట్‌ను హెచ్‌పీ సంస్థ 1985–94 మధ్య తయారుచేసి, 2005లో సోర్సు కోడ్‌ను అందరికీ వదిలేసింది. ఇప్పుడది తెలుగూ చదువుతుంది. కానీ తెలుగు అచ్చుపని జరిగే గుంటూరు, చీరాల డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, అను ఫాంట్ల పుణ్యమా అని రాజ్యం విండోస్‌దే. కోడ్ అందరిదీ అన్నంత మాత్రాన ఆ కంప్యూటర్లలో నడిచిపోదు. దాన్ని అక్కడిదాకా చేర్చే పనిని చిల్లర పనిగా చూడటం మానాలి.

మనిషి రాసిన కోడ్‌ను యంత్రం నడపగల ప్రోగ్రామ్‌గా మార్చేది కంపైలర్. ప్రాసెసర్ ఒకటే అయినా, లైనక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కోసం తయారైన ప్రోగ్రామ్ విండోస్‌లో నేరుగా నడవదు. ఫైలు అమరిక వేరు, సిస్టమ్‌ను పని అడిగే తీరూ వేరు. ఒక సిస్టమ్‌లో ఉంటూనే మరో సిస్టమ్‌కు, అంటే లైనక్స్‌లో ఉంటూ విండోస్‌కు, సరిపడే ప్రోగ్రామ్ తయారుచేయడమే క్రాస్ కంపైలింగ్. జర్మనీలోని మాన్‌హైమ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం టెసరాక్ట్ విండోస్ ఇన్‌స్టాలర్‌ను డెబియన్ లైనక్స్‌లో ఇలాగే తయారుచేసి ఉచితంగా ఇస్తోంది. ఒక గ్రంథాలయం ఈ పని నెత్తికెత్తుకోవడం గమనించదగ్గది. ఆ మాటకొస్తే, మిర్చి యార్డులో రైతు చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ కెర్నల్ (సిస్టమ్ మూలభాగం) కూడా వేరే కంప్యూటర్‌లో తయారై వచ్చిందే.

అసలు చిక్కు కంపైలర్‌తో కాదు. టెసరాక్ట్‌కు బొమ్మలు అందించే లెప్టోనికా అనే కోడ్ లైబ్రరీ కావాలి. దానికి జేపెగ్, పీఎన్‌జీ, టిఫ్ లైబ్రరీలు కావాలి. అన్నిటినీ విండోస్ కోసం మళ్లీ తయారుచేయాలి. ఆపైన మన భాషకు ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. విండోస్ పాత పద్ధతిలో సిస్టమ్‌కు పెట్టుకునే అక్షరాల పట్టికల్లో, అంటే ‘కోడ్ పేజీ’ల్లో, తెలుగుకు చోటు లేదు. లైనక్స్ అలవాటుతో రాసిన ప్రోగ్రామ్‌కు తెలుగు పేరున్న ఫైలు ఇస్తే అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు కనిపించి ఫైలు తెరుచుకోకపోవచ్చు. విండోస్ 10కు 2019లో వచ్చిన అప్‌డేట్ నుంచి, తెలుగు అక్షరాలనూ పట్టే యూటీఎఫ్-8 తనకు కావాలని ప్రోగ్రామ్ అడిగే వీలుంది. అయితే ఆ సంగతి పట్టించుకుని అడిగేవాడుండాలి. ఇంగ్లిష్ పేర్లతో మాత్రమే పరీక్షించేవాడికి ఈ లోపం కంటబడదు.

ఇంత శ్రమ దేనికి, అందరూ లైనక్స్‌కే మారొచ్చు కదా అంటారు. హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు లైనక్స్‌తో వేసిన బాట అదే, మంచిదే. కానీ పెళ్లి శుభలేఖ సాయంత్రానికి అచ్చువేసి ఇవ్వాల్సిన ఆపరేటర్‌ను ముందు సిస్టమ్ మార్చుకో అనడం న్యాయం కాదు. చేతిలో ఉన్నదాంట్లోనే మంచి పనిముట్టు దొరికితే, మారే ధైర్యం తర్వాత రావచ్చు. ఆన్‌లైన్ సేవలున్నాయిగా అన్నది రెండో మాట. పది పేజీలకు సరే, వేల పేజీలను ఎవరి సర్వరుకో ఎక్కించి వాళ్ల షరతులకు కట్టుబడటం గ్రంథాలయాలకు తగదు. ఎవరో తయారుచేసిన ప్రోగ్రామ్‌ను నమ్మేదెలా అన్న అనుమానం మాత్రం సబబే. అందుకే తయారీ స్క్రిప్టు కూడా బయటపెట్టాలి. ఉదాహరణకు, అజ్ఞాతంగా వెబ్ చూడటానికి వాడే టార్ బ్రౌజర్‌ను ఎవరు మళ్లీ తయారుచేసినా అక్షరం తేడా లేకుండా అదే ఫైలు వచ్చేలా చూస్తున్నారు.

వడ్లమూడి, వడ్డేశ్వరం, బాపట్ల ఇంజినీరింగ్ కాలేజీల్లో చివరి ఏడాది ప్రాజెక్టులకు కొదవ లేదు. వాటిలో కొన్నైనా తెలుగుకు పనికొచ్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను విండోస్‌కు తెచ్చి, తెలుగు పేర్లున్న ఫైళ్లతో పరీక్షించి, ఫలితాన్ని మూల ప్రాజెక్టుకు పంపేవిగా ఉండాలి. అధ్యాపకులు వాటికి మార్కులు వేయాలి.