నేలలో పగిలిన పైపు: అతకాలా, మార్చాలా?

కాట్పాడి నుంచి గుడియాత్తం వెళ్లే దారిలో ఉంది కే.వి.కుప్పం. ఎండాకాలం అక్కడి పాలారు చాలావరకు ఇసుకే, కాబట్టి చెంబుడు నీళ్లు కారినా ఇంట్లో అవ్వ ఊరుకోదు. మరి నేలలో పైపు కారుతోందని ఎలా తెలుస్తుంది? రాత్రి కొళాయిలన్నీ కట్టేసి, మిద్దెమీది ట్యాంకులో నాన్న చేత కర్ర ముంచించి తడి దగ్గర గీత పెట్టండి. తెల్లారేసరికి మట్టం దిగిందా? ఎక్కడో కారుతున్నట్టే.

పీవీసీ పైపైతే పగిలిన ముక్క కోసేసి కొత్తది అతుకుతారు. ప్లంబరు పూసే సొల్యూషన్ ఉత్త జిగురు కాదు. అది ప్లాస్టిక్ పైపొరను కాస్త కరిగిస్తుంది, ఆరాక రెండు ముక్కలూ ఒకటైపోతాయి. తడి, మట్టి ఉంటే ఆ అతుకు నిలవదు. సైకిల్ ట్యూబు చుట్టడమంటారా, ఆ పూట గడవడానికే!

తుప్పుపట్టిన ఇనుప పైపైతే నేను మొత్తం మార్చమంటాను. ఒకచోట చిల్లు పడిందంటే పక్కనా పలచబడే ఉంటుంది. చెట్టువేరు విరిచిందా? పైపు దారే మార్చాలి. పూడ్చేటప్పుడు ముందు ఇసుక, తర్వాతే మట్టి.