నడుము నొప్పి: మంచం పట్టకండి, కసరత్తు చేయండి

తాండూరు బండల పాలిషింగ్‌లో బరువులెత్తేవారికి, ధారూర్ చేలల్లో వంగి పత్తి ఏరేవారికి నడుము నొప్పి కొత్త కాదు. "పండుకుంటే తగ్గుతది" అని రోజుల తరబడి మంచం మీదే ఉంటే కండరాలు ఇంకా బలహీనపడతాయి. ఓర్చుకోగలిగినంత నడవండి.

నొప్పి మూడు నెలలు దాటితే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. బెల్టు, ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, కరెంటు మిషన్ మాత్రం మామూలుగా వాడొద్దంది. కాబట్టి ఒక్కో సిట్టింగ్‌కు ఇంత అని మిషన్లకు డబ్బులు పోసే ముందు ఆలోచించండి. ఫిజియోథెరపిస్టు నేర్పే కసరత్తులు చాలావరకు ఇంట్లో చాప మీద చేసుకునేవే. ఉదాహరణకు, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, నడుము మెల్లగా లేపి, ఐదు లెక్కపెట్టి దించడం. రెండు రోజులు చేసి మానేస్తే ఫలితం ఉండదు, వారాలు పడుతుంది.

ముందు పీహెచ్‌సీలో చూపించి, ఫిజియోథెరపీకి ఎక్కడికి పోవాలో రాయించుకోండి. ఈఎస్‌ఐ ఉన్న కార్మికులకు డాక్టర్ సెలవు రాస్తే, అర్హతను బట్టి ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. చాలామంది ఇది అడగనే అడగరు.

మూత్రం ఆగినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు పట్టు తప్పినా కసరత్తు చేయొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.