కిటికీ మార్చాలా, బాగు చేస్తే చాలా?

తొలకరి వాన పడగానే హైదరాబాద్‌లో చందానగర్ నుంచి గోపన్‌పల్లి దాకా చాలా ఇళ్లలో ఒకటే గోడు. కిటికీ గట్టు మీద నీళ్లు నిలుస్తాయి, రెక్క జరగదు, గోడ మీద చెమ్మ మరక పాకుతుంది. చూడటానికి వచ్చిన మనిషి ‘మొత్తం మార్చేద్దాం సార్’ అంటే కాదనడానికి మన దగ్గర లెక్క ఉండదు. రెండు పడకగదుల ఫ్లాట్‌లో నాలుగడుగుల చదరపు కిటికీలు ఎనిమిది ఉన్నాయనుకోండి. మొత్తం 128 చదరపు అడుగులు. చదరపు అడుగు ధరలో వంద రూపాయల తేడా వస్తే బిల్లులో 12,800 తేడా వస్తుంది. కాబట్టి ఆ మాటకు తలూపే ముందు ఒక సాయంత్రం కేటాయించి కిటికీలను పరీక్షించడం మంచిది.

శేరిలింగంపల్లిలో నాలుగైదు కిలోమీటర్లు తిరిగితే కిటికీల తరాలన్నీ కనిపిస్తాయి. పాత లింగంపల్లి ఇళ్లలో టేకు రెక్కలు ఉంటాయి. 1998లో సైబర్ టవర్స్ ఐటీ భవనం తెరుచుకున్నాక మియాపూర్, మదీనాగూడ, కొండాపూర్ వైపు లేచిన అపార్ట్‌మెంట్లలో అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు ఎక్కువ. నల్లగండ్ల టవర్లలో యూపీవీసీ కనిపిస్తుంది. ఇది లోపల ఇనుప గొట్టం దన్నుగా ఉండే గట్టి ప్లాస్టిక్. సరుకు ఏదైనా సూత్రం ఒక్కటే: గోడలో బిగించిన ఫ్రేము గట్టిగా ఉంటే బాగు చేయించండి, ఫ్రేమే చెడితే మార్చండి. గాజు, రబ్బరు, రోలరు, గడియ విడివిడిగా మారేవే.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

ముందు మరక ఎక్కడుందో చూడండి. కిటికీకి పైన ఉంటే చాలాసార్లు తప్పు కిటికీది కాదు. గోడ పగులో, సజ్జ మీద నిలిచిన నీరో కారణం. కొత్త కిటికీ పెట్టినా ఆ మరక మళ్లీ వస్తుంది. పక్కన ఉంటే ఫ్రేముకూ గోడకూ మధ్య పూసిన సీలెంట్, అంటే సందు పూడ్చే జిగురు, ఎండి విడిపోయిందన్నమాట. పాతది పూర్తిగా గీకేసి కొత్తది పూయిస్తే సరిపోతుంది. పాతదాని మీదే పూస్తే పట్టదు. మరక కింద ఉంటే ట్రాకును, అంటే రెక్క జరిగే గాడిని, అనుమానించాలి.

ట్రాకును పరీక్షించడం తేలిక. అందులో మగ్గుడు నీళ్లు మెల్లగా పోయండి. బయటివైపు సన్నటి రంధ్రాల్లోంచి నీరు వెంటనే పోవాలి. నిలిచిపోతే ఆ రంధ్రాల్లో మట్టి, చచ్చిన పురుగులు, పెయింటు ముద్దలు అడ్డుపడి ఉంటాయి. పాత టూత్‌బ్రష్, సన్నటి తీగ ఉంటే ఖర్చు లేకుండా పని అయిపోతుంది.

మామూలు వానకు రాని నీరు గాలివానకే ఎందుకు వస్తుంది?

గాలి నీటిని నెట్టి నిలబెడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో విసిరిన గాలి ఒకటిన్నర చదరపు మీటర్ల కిటికీ మీద దాదాపు 25 కిలోల ఒత్తిడి పెడుతుంది. ఒక బియ్యం బస్తా ఆనించినంత. అదే ఒత్తిడి ట్రాకులోని నీటిని బయటికి పోనివ్వకుండా 17 మిల్లీమీటర్ల ఎత్తు దాకా ఆపగలదు. గాలి 80 కిలోమీటర్లకు చేరితే ఆ ఎత్తు 30 మిల్లీమీటర్లు. ట్రాకు లోపలి అంచు అంతకంటే తక్కువ ఎత్తు ఉంటే నీరు గదిలోకి పొర్లుతుంది. స్కేలు పెట్టి ఆ అంచు కొలవండి. రంధ్రాలు శుభ్రంగా ఉండి, రబ్బర్లు బాగుండి, అయినా గాలివానకు పొర్లుతోందంటే ఆ ట్రాకు ఎత్తే చాలదు. ఇది రిపేరుకు లొంగే లోపం కాదు.

ఇక్కడి వానను తక్కువ అంచనా వేయకూడదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో 24 గంటల్లో హైదరాబాద్‌లో సుమారు 19 సెంటీమీటర్లు కురిసింది. అంటే ఒక్కో చదరపు మీటరు డాబా మీద 190 లీటర్లు, దాదాపు పది పెద్ద బకెట్లు. అలాంటి రోజున చిన్న సందు కూడా చిన్నది కాదు.

ముంబై హైవే లాంటి పెద్ద రోడ్డు రొద తగ్గాలంటే మందపాటి గాజు వేయించాలా?

సందు మూయించకుండా వేయిస్తే డబ్బు దండగ. నాలుగడుగుల రెక్క పక్కన 3 మిల్లీమీటర్ల సందు పొడవునా ఉంటే అది కిటికీలో 6 సెంటీమీటర్ల చదరపు కన్నం పెట్టినట్టే. మామూలు 5 మిల్లీమీటర్ల గాజు సందు లేకుండా బిగిస్తే దాదాపు 30 డెసిబెల్స్ శబ్దాన్ని ఆపుతుంది. డెసిబెల్ అంటే శబ్దం కొలత. పది తగ్గితే చెవికి రొద సగమైనట్టు అనిపిస్తుంది. పైన చెప్పిన సందు ఉంటే ఆగేది 25కు పడిపోతుంది. 36 డెసిబెల్స్ ఆపగల ఖరీదైన గాజు వేయించి సందును అలాగే వదిలితే ఆగేది 26 కూడా కాదు. అంటే గాజు మారిస్తే ఒక్క డెసిబెల్ లాభం, సందు మూస్తే ఐదు. నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పెద్ద రోడ్డు పక్కన ఉన్న పడకగదిలో ఆ ఐదు డెసిబెల్సూ నిద్రకు పనికొస్తాయి.

సందు ఉందో లేదో తెలుసుకోవడానికి రెక్క మూసేటప్పుడు మధ్యలో ఒక నోటు పెట్టి లాగండి. పట్టు లేకుండా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరో, బ్రష్ పట్టీయో అరిగిపోయింది. నాలుగు వైపులా ఇలాగే చూడండి. ఈ రెండూ మార్చడం గంటల పని.

డబుల్ గ్లాస్ వేస్తే కరెంటు బిల్లు తగ్గుతుందా?

తగ్గుతుంది, కానీ ఎంతో చూడండి. బయట 40, లోపల 26 డిగ్రీలు ఉన్నప్పుడు నాలుగడుగుల కిటికీ ఒంటి గాజులోంచి సుమారు 120 వాట్ల వేడి లోపలికి వస్తుంది. సాదా డబుల్ గ్లాస్ అయితే 60. రోజుకు ఎనిమిది గంటలు ఏసీ నడిస్తే ఈ తేడాకు మిగిలే కరెంటు యూనిట్‌లో ఏడో వంతు. వంద రోజుల వేసవికి సుమారు 15 యూనిట్లు. యూనిట్‌కు పది రూపాయలు వేసుకున్నా కిటికీకి ఏడాదికి 150 రూపాయలు. ఈ పొదుపు ఒక్కటే చూసి కిటికీ మార్చడం గిట్టుబాటు కాదు.

అసలు వేడి నేరుగా పడే ఎండది. పడమటి కిటికీ మీద సాయంత్రం ఎండ పడితే ఒంటి గాజులోంచి 600 వాట్ల దాకా లోపలికి దూరుతుంది. ఒక టన్ను ఏసీ శక్తిలో ఇది ఆరో వంతు. సాదా డబుల్ గ్లాస్ ఈ ఎండను పెద్దగా ఆపదు. బయట సజ్జ, వెదురు చాప, నీడనిచ్చే తెర ఆపుతాయి. లోపలి కర్టెన్ దాకా వచ్చిన ఎండ సగం గదిలోనే ఉండిపోతుంది కాబట్టి నీడ గాజుకు బయట ఉండాలి.

మార్చక తప్పని గుర్తులు ఏమిటి?

టేపుతో ఫ్రేము ఐమూలలు కొలవండి. నాలుగడుగుల చదరానికి రెండూ 5 అడుగుల 8 అంగుళాల చొప్పున రావాలి. రెండింటి మధ్య అర సెంటీమీటరు మించి తేడా ఉంటే ఫ్రేము వంకరపోయింది. రబ్బరు మార్చినా సందు మళ్లీ పడుతుంది. టేకు ఫ్రేము అడుగున స్క్రూడ్రైవర్‌తో పొడవండి. దిగబడితే చెమ్మో, చెదలో లోపల తినేసింది. కొద్ది మేర అయితే వడ్రంగి ఆ ముక్క కోసి అతుకు వేస్తాడు. రెండు మూడు చోట్ల దిగితే మార్చండి. ఇనుప కిటికీ తుప్పు గీకితే గట్టి లోహం తగలాలి, రేకులా ఊడి రాకూడదు. స్లైడింగ్ కిటికీ ట్రాకే అరిగి గాడి పడితే కొత్త రోలర్లు కూడా నిలవవు.

చెడినట్టు కనిపించినా చెడనివి రెండున్నాయి. డబుల్ గ్లాస్ మధ్య ఆవిరి పడితే ఆ గాజు జత ఒక్కటే మార్చాలి, ఫ్రేమును ముట్టుకోనక్కర్లేదు. వానాకాలంలో ఉబ్బి మూసుకోని టేకు రెక్కకు అప్పుడే చిత్రిక పట్టించకండి. చలికాలం దాకా ఆగితే చాలావరకు సర్దుకుంటుంది. తొందరపడి గీయిస్తే వేసవికి సందు మిగులుతుంది.

కొత్త ఫ్లాట్‌లోనే కారుతుంటే?

మీ డబ్బు తీయకండి. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాట్ స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లలోపు పనితనంలోనో నాణ్యతలోనో లోపం ఉందని చెబితే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. మీ ప్రాజెక్టు రెరాలో నమోదైందో లేదో చూసుకోండి. నీరు కారుతుండగా తేదీ కనిపించేలా వీడియో తీసి, ఫిర్యాదు రాతపూర్వకంగా పంపండి.

మార్చేటట్టయితే ఏం అడగాలి?

చదరపు అడుగు ధరలో గాజు, దోమల జాలి, పాతది తీసే కూలి, గోడ పూత, జీఎస్టీ కలిశాయా అని అడిగి రాయించుకోండి. బయటికి తెరుచుకునే రెక్కల స్థానంలో రెండు రెక్కల స్లైడింగ్ పెడితే గాలి వచ్చే దారి సగమవుతుంది. 16 చదరపు అడుగుల్లో ఒకేసారి తెరుచుకునేది ఎనిమిదే. పై అంతస్తుల వారు గాలి ఒత్తిడికి ఫ్రేము, గడియలు లెక్కగట్టారా అని అడగాలి. హైదరాబాద్ భవనాల డిజైనుకు భారతీయ ప్రమాణం పెట్టిన మూల గాలివేగం గంటకు 158 కిలోమీటర్లు. ఆ వేగానికి నాలుగడుగుల చదరపు కిటికీ ఏడు బియ్యం బస్తాల ఒత్తిడి తట్టుకోవాలి. పెద్ద గాజులకు టఫెండ్, అంటే పగిలితే పదునైన పెంకులు కాకుండా చిన్న పలుకులుగా రాలే గాజు అడగండి. దానికి ఐఎస్ 2553 ముద్ర ఉండాలి. అపార్ట్‌మెంట్ బయటి రూపు మారితే సంఘం అనుమతి ముందే తీసుకోండి.

ఖర్చు చేసే వరుస ఇది: మొదట ట్రాకు శుభ్రం, తర్వాత సీలెంట్, రబ్బర్లు, రోలర్లు, ఆపైన పడమట బయటి నీడ, చివరికి ఫ్రేము. గదివారీగా ఒక కాగితం మీద ఫలితాలు రాసి, అదే కాగితంతో ఇద్దరి దగ్గర ధర అడగండి. ఎనిమిది కిటికీల్లో మార్చాల్సింది రెండే అని తేలితే, మిగతా ఆరింటి డబ్బు మీ దగ్గరే ఉంటుంది.