మెట్లమీది ఆట

ఏ మైదానంలోనైనా ఆటలు రెండు జరుగుతాయి. ఒకటి గీతల లోపల, ఈల పట్టిన మధ్యవర్తి సమక్షంలో, ఇరవై ఇద్దరు ఆడేది. రెండవది గీతల వెలుపల, చూడవచ్చిన వేలమంది తమ గొంతులతోను, చేతులతోను, ఒక్కొక్కప్పుడు రాళ్లతోను ఆడేది. మొదటిదానికి నియమాలు ఉన్నాయి, తొంభై నిమిషాల గడువు ఉన్నది. రెండవదానికి ఈ రెండూ లేవు. పత్రికలలో మొదటి ఆట ఫలితం అచ్చవుతుంది. రెండవ ఆటలో ఓడినవారి లెక్క ఆసుపత్రుల పుస్తకాలలో ఉంటుంది. అప్పుడప్పుడు శ్మశానాలలోను ఉంటుంది.

నిర్మల్ పట్టణంలో బడి విడిచినవేళ ఏ ఆటస్థలం వద్ద నిలిచినా ఈ రెండు ఆటల మొలకలూ కంటబడతాయి. బరిలో కబడ్డీ ఆడే పిల్లలు ఏడుగురైతే, బరిచుట్టూ చేరి 'మా బడి', 'మీ బడి' అని కేకలు వేసేవారు డెబ్బది మంది. ఆ కేకలో దోషం లేదు. తన బడిమీద మమకారం లేని పిల్లవాడు రేపు తన ఊరిని మాత్రం ఏమి ప్రేమిస్తాడు? అయితే 'మా బడి గెలవాలి' అన్న కోరిక ఏ క్షణంలో 'మీ బడివాళ్లను తన్నాలి' అన్న కోరికగా మారుతుంది? అభిమానం దురభిమానమయ్యే ఆ మలుపు ఎక్కడ ఉన్నది? దీనికి జవాబు వెదకడానికి ఇంగ్లాండు దాకా పోవలసి ఉన్నది. తిరిగి రావలసినది మాత్రం మన ఇంటికే.

ఇంగ్లాండులో ఫుట్‌బాల్ శ్రామికుల ఆటగా పెరిగినది. వారమంతా గనులలో, రేవులలో, మిల్లులలో పనిచేసినవారు శనివారం మధ్యాహ్నం మైదానానికి చేరేవారు. వారిలో అధికసంఖ్యాకులకు కుర్చీలు ఉండేవి కావు. గోలుస్తంభాల వెనుక వాలుగా కట్టిన మెట్లమీద వేలమంది భుజాలు ఒరసుకొని నిలుచుండేవారు. ఆ మెట్లకే టెర్రస్ అని పేరు. తండ్రి నిలుచున్న మెట్టుమీదనే కొడుకూ నిలుచుండేవాడు. పాటలు అక్కడ పుట్టేవి, పరిహాసాలు అక్కడ పుట్టేవి. వీధి పేరు, ఊరి పేరు, జట్టు పేరు మూడూ ఒకటైపోయిన చోటు అది.

1960ల నడిమినుండి ఆ మెట్లమీద యువకుల ముఠాలు తలయెత్తినవి. కొంతకాలానికి ఆ ముఠాలు తమను 'ఫర్మ్' అని పిలుచుకొన్నవి. వర్తకసంస్థకు వాడే మాట దెబ్బలాటల సంస్థకు వచ్చినది! లండనులోని వెస్ట్ హామ్ జట్టు వెంట తిరిగిన ముఠా పేరు ఇంటర్ సిటీ ఫర్మ్. అభిమానులకై నడిపే ప్రత్యేకపు రైళ్లలో పోలీసుల కాపలా ఉండేది గనుక వీరు మామూలు ప్రయాణికులు ఎక్కే ఇంటర్ సిటీ రైళ్లలో పోయేవారు. ఆ రైలు పేరే ముఠాపేరైనది. పోర్ట్స్‌మత్ ముఠా పేరు 6.57 క్రూ. శనివారం ఉదయం ఆ వేళకు లండనుకు బయలుదేరే బండి వారిది. లీడ్స్ ముఠా పేరు సర్వీస్ క్రూ. అదికూడా మామూలు సర్వీసు బండ్లనుండి వచ్చినదే. వెస్ట్ హామ్ ముఠావారు తాము కొట్టి పడవేసినవారిమీద ముఠాపేరు అచ్చొత్తిన కార్డు విడిచిపోయేవారని ప్రతీతి. వివాహానికి శుభలేఖ ఉన్నట్లు వీరికి దెబ్బలాటకు కార్డు!

ఇక వారి వేషం సంగతి. 1970ల తొలిరోజులలో అల్లరిమూకను గుర్తించడం కష్టం కాదు. గొరిగిన తల, బరువైన బూట్లు, మెడలో జట్టు రంగుల ఉన్ని కండువా. పోలీసులు ఈ గుర్తులు చూచి పట్టుకొనేవారు. 1977 ప్రాంతంనుండి లివర్‌పూల్ జట్టు వెంట ఐరోపా నగరాలకు పోయివచ్చిన యువకులు అక్కడి దుకాణాలనుండి కొత్త రకపు ఆటబూట్లు, టెన్నిసు ఆటగాళ్లు తొడిగే చొక్కాలు తెచ్చినారు. వాటిలో కొన్నవి కొన్ని, కాజేసినవి కొన్ని. అడిడాస్, లాకోస్ట్, ఫిలా, సెర్జియో తక్కిని అనే పేర్లు ఆ మెట్లమీద మంత్రాలైపోయినవి; తరువాతి కాలంలో స్టోన్ ఐలండ్ కోట్లు వచ్చినవి. స్కాట్లండులో అబర్డీన్ యువకులు ఈ వేషాన్ని మొదట అందుకొన్నారు. ఈ వేషధారులకే 'క్యాజువల్స్' అని పేరు వచ్చినది. విలువైన చొక్కా తొడిగి పెద్దమనిషి బిడ్డవలె నడిచిపోయేవానిని పోలీసులు అనుమానించరు కదా! ఆ విధంగా జట్టు రంగు మెడనుండి దిగి మనస్సులో దాగినది. కనబడే రంగుకంటె కనబడని రంగే ప్రమాదకరమైనది.

ఈ ముఠాలు ఎందుకు పుట్టినవి? పేదరికమే కారణమని కొందరు, పనిలేమి అని కొందరు, పత్రికలు ఇచ్చిన ప్రచారమని మరికొందరు చెప్పినారు. లీస్టర్ విశ్వవిద్యాలయ పండితులు మగతనమంటే కండబలమే అని నేర్పిన పెంపకం వైపు వేలు చూపినారు. బిల్ బ్యూఫోర్డ్ అనే అమెరికను రచయిత ఆ గుంపులతో కలిసి తిరిగి 'అమాంగ్ ది థగ్స్' అనే గ్రంథం వ్రాసినాడు. ఆ పేరులోని 'థగ్' అన్న మాట మన దేశపు 'ఠగ్గు'నుండి పోయినదే. ఆయన కనుగొన్న నిజం కొంచెం భయంకరమైనది. గుంపులో ఒకడై హద్దు దాటడంలో ఒక మత్తు ఉన్నది. చాలమంది ఆ మత్తుకోసమే వచ్చేవారు. కారణం వెదకి బాగుచేయగల రోగం కంటె రుచి మరిగిన రోగం కుదర్చడం కష్టం.

ఆ మత్తుకు వెల ఎవరు చెల్లించినారు? 1985 మే 29న బ్రస్సెల్సు నగరపు హైసెల్ మైదానంలో లివర్‌పూల్, యువెంటస్ జట్ల ఫైనలు ఆట. ఆట మొదలుకాకముందే లివర్‌పూల్ అభిమానులలో కొందరు ఎదుటివారిపైకి ఉరికినారు. వెనుకకు తగ్గినవారు ఒక గోడవద్ద నలిగిపోయినారు, గోడ కూలినది. 39 మంది చనిపోయినారు. వారిలో అత్యధికులు ఇటలీవారు. ఆట చూడ వచ్చినవారే గాని ఏ ముఠాకు చెందినవారు కారు. ఇంగ్లాండు జట్లకు ఐరోపా పోటీలలో ఐదేండ్లపాటు ప్రవేశం లేకపోయినది.

నాలుగేండ్లకు, 1989 ఏప్రిల్ 15న, షెఫీల్డులోని హిల్స్‌బరో మైదానంలో మరొక ఘోరం జరిగినది. అల్లరిమూకల భయంచేత ఆనాడు మెట్లముందు ఇనుపకంచెలు కట్టి ఉన్నవి. వెలుపల జనం ఎక్కువైనదని పోలీసులు ఒక ద్వారం తెరచినారు. అప్పటికే నిండిన దొడ్లలోనికి జనప్రవాహం వచ్చిపడినది. ముందున్నవారికి కంచె దాటే దారి లేదు. ఆ దుర్ఘటనలో మరణించినవారు 97 మంది. వారిలో చివరివాడు ఆ గాయాల ఫలితంగానే 2021లో కన్నుమూసినాడు. ఇక్కడ ఏ ముఠా ఎవరినీ కొట్టలేదు. అయినా తాగివచ్చిన అభిమానులదే తప్పని పోలీసులు చెప్పినారు. కొన్ని పత్రికలు అదే అచ్చువేసినవి. లోకం చాలవరకు నమ్మినది. ఎందుకు నమ్మినది? పదిహేనేండ్లుగా ఫర్ములు చేసిన పనులు చూచినవారికి ఆ అబద్ధం నిజంవలె తోచినది గనుక. పోలీసుల నిర్వహణలోపమే ప్రధానకారణమని జస్టిస్ టేలర్ 1989లోనే తేల్చినాడు. కాని ఆ మరణాలు చట్టవిరుద్ధంగా సంభవించినవనీ, అభిమానుల దోషం లేదనీ జ్యూరీ ప్రకటించేసరికి 2016 వచ్చినది. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులు ఆ మాట వినడానికి 27 ఏండ్లు వేచి ఉన్నారు. కొందరు వినకుండానే పోయినారు.

ఆ తరువాత ఆ దేశంలో మెట్లు పోయి కుర్చీలు వచ్చినవి, కెమేరాలు వచ్చినవి, టిక్కెట్ల ధరలు పెరిగినవి. ఒకనాటి ముఠాపెద్దలు నెరసిన తలలతో జ్ఞాపకాలు వ్రాయసాగినారు. సినిమాలు కూడ వచ్చినవి. ఆ జ్ఞాపకాలలో తెల్లవారుజాము రైలు ఉంటుంది, కొత్త చొక్కా ఉంటుంది, ప్రాణమిచ్చే స్నేహం ఉంటుంది. అవన్నీ నిజమే కావచ్చును. కాని ఆ పుస్తకాలలో వెదకినా దొరకని మనిషి ఒకడున్నాడు. దెబ్బతిని నేలమీద పడినవాడు. అతని ముఖం వారికి జ్ఞాపకం లేదు. కొట్టినవాని జ్ఞాపకం కథ అవుతుంది. పడినవాని జ్ఞాపకం మచ్చగా మిగులుతుంది. చరిత్ర పాఠం చెప్పే ఉపాధ్యాయుడు విద్యార్థులకు నేర్పదగిన మొదటి ప్రశ్న ఇదే: ఈ కథ ఎవరు చెబుతున్నారు, ఎవరు చెప్పలేదు?

ఇది తెల్లవారి జబ్బు, మనకు పట్టదు అనుకోవడం పొరపాటు. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్సులో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జట్ల ఆటనాడు గ్యాలరీలో రేగిన కొట్లాట, తొక్కిసలాటలలో 16 మంది మరణించినారు. ఉదయం అన్నం తిని ఆట చూడబోయిన కొడుకులు సాయంకాలం ఇంటికి రాలేదు. చంపినది మైదానంలోని శత్రువు కాదు. ప్రక్క మెట్టుమీది పొరుగూరివాడే.

మన తెలుగునాటి ఫుట్‌బాల్ చరిత్రలో మాత్రం దీనికి ప్రతిగా నిలువదగిన ఒక పేరు ఉన్నది. ఆయన ఒక బడిపంతులు. హైదరాబాదు వాస్తవ్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీం పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా జీవితం ప్రారంభించి, 1950నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడైనాడు. ఆ జట్టు 1950నుండి 1954వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. బలహీనమైన కాలితోనే బంతి తన్నవలెనని నియమం పెట్టి ఆయన పోటీలు నడిపినాడని చెప్పుకొంటారు. ఎదుటివాని లోపం వెదకుమని కాక నీ లోపం దిద్దుకొనుమని చెప్పే పోటీ అది. పంతులు తప్ప మరెవరు అటువంటి పోటీ కల్పించగలరు? ఆయన శిక్షణలో భారతదేశం 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకాలు గెలిచినది. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందినది.

ఆ జకార్తా ఫైనలు మెట్లమీది ఆటకు గొప్ప ఉదాహరణ. ఇజ్రాయిలు, తైవాను దేశాలకు ప్రవేశం నిరాకరించిన విషయమై భారత ప్రతినిధి గురుదత్ సోంధీ చేసిన అభ్యంతరంచేత అక్కడి ప్రజలకు మనపై ఆగ్రహం కలిగినది. భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగినది. 1962 సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫైనలు ఆడడానికి దిగిన మన క్రీడాకారులను సుమారు లక్షమంది ప్రేక్షకులు గేలిచేసినారు. ఆ రొదలోనే పి.కె. బెనర్జీ, తలకు కుట్లతో ఆడిన జర్నైల్ సింగ్ చెరియొక గోలు చేసినారు. గోలువద్ద తంగరాజ్, ముందువరుసలో సికిందరాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం ఉన్నారు. మనము 2-1తో గెలిచినాము. ఆనాడు గ్యాలరీలో మనకోసం చప్పట్లు చరచినవారు ఎవరు? అవే క్రీడలలో హాకీ ఫైనలులో మనలను ఓడించిన పాకిస్తాను క్రీడాకారులు! లక్షమంది అరుపుల మధ్య ఆ కొద్దిమంది చప్పుడు ఎంత వినబడినదో గాని, అభిమానానికి నిజమైన నిర్వచనం అదే. రహీం అప్పటికే వ్యాధిగ్రస్తుడు. 1963 జూన్ 11న కన్నుమూసినాడు.

నేడు నిర్మల్ యువకుడు ఫుట్‌బాల్ గ్యాలరీకి పోయే అవసరం రాకపోవచ్చును. అతని టెర్రస్ వేరే ఉన్నది. ఒకప్పుడు దాని పేరు నేల టిక్కెట్టు. తెలుగునాట అభిమానసంఘాలు కథానాయకుల చుట్టూ పెరిగినవి. ఎదుటి నాయకుని గోడపత్రికలపై పేడ కొట్టడం, హాలువద్ద తన్నులాడుకోవడం పెద్దలు ఎరిగిన సంగతులే. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్యా థియేటరువద్ద తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయినది, ఆమె బిడ్డ తీవ్రంగా గాయపడినాడు. ఆమెపై ఎవరికీ ద్వేషం లేదు. గుంపుకు కన్నులు లేవు, అంతే. అయితే ఇదే అభిమానంలో మరొక ముఖం కూడ ఉన్నది. 1998లో చిరంజీవి రక్తనిధి స్థాపించినప్పటినుండి ఎందరో అభిమానులు అక్కడ రక్తదానం చేసినారు. రక్తం చిందించే ఉద్రేకమూ, రక్తం ఇచ్చే ఉదారతా ఒకే యువకునిలో ఉన్నాయి. ఏది మేలుకొంటుందన్నది అతనికి ఎదురైన పెద్దలను బట్టి ఉంటుంది.

కలకత్తానుండియే మరొక సాక్ష్యం. 2024 ఆగస్టు 18న ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జట్ల ఆట భద్రతాకారణాలపై రద్దయినది. అయినా ఇరుజట్ల అభిమానులు సాల్ట్ లేక్ మైదానం వెలుపల గుమికూడినారు. ఆ నెలలోనే ఆర్.జి. కర్ ఆసుపత్రిలో హత్యకు గురియైన యువవైద్యురాలికి న్యాయం కావలెనని ఒక్క గొంతుతో అడిగినారు. ఒక రంగు చొక్కావాడు మరొక రంగు చొక్కావానిని భుజాలపైకి ఎత్తుకొన్నాడు. 1980లో ఒకరినొకరు తొక్కుకొన్న అభిమానాల వారసులే వీరు. రంగులు మారలేదు, వాటిని తొడిగిన గుండెలు మారినవి.

గోదావరికి ఆవలి ఒడ్డున నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య నేడు భారత మహిళా ఫుట్‌బాల్ జట్టులో ఆడుతున్నది. ఆమెను చూచి నిర్మల్ బడులలో కూడ ఆడపిల్లలు బంతి పట్టుకొనే రోజు వస్తే, వారిచుట్టూ నిలిచి కేకలు వేసేవారు ఎటువంటివారై ఉండవలె? ఆ పాఠం ఏ పాఠ్యగ్రంథంలోను లేదు, ఆటస్థలంలోనే చెప్పవలె.

నిర్మల్ నక్కాషీ కళాకారుడు పచ్చి చెక్కపై రంగు వేయడు. పొనికి చెక్కను చెక్కి, ముక్కలు అతికి, చింతగింజల లప్పంతో సందులు పూడ్చి, నునుపు చేసి, తెల్లమట్టి పూత పూసి, అది ఆరిన తరువాతనే కుంచె పడతాడు. సందులు పూడ్చక వేసిన రంగు నాలుగునాళ్లకే పెచ్చులూడిపోతుంది. జట్టు రంగు కూడ అంతే. పిల్లవాని ఒంటికి రంగు చొక్కా తొడిగించడం ఒక నిమిషం పని. ఓడినవానికి చేయి అందించే గుణాన్ని అంతకుముందే వానిలో నింపడం బడి పని.