కీల్ పడవ మనకెంత దూరం?

బోరబండలో కూర్చుని తెరచాప పడవ కొనడం గురించి రాస్తే మిత్రులు నవ్వవచ్చు. నవ్వేవారు జులై నెలలో ఒక ఆదివారం మా స్టేషన్లో సికింద్రాబాదు వైపు రైలెక్కి సంజీవయ్య పార్కు దగ్గర దిగి చూడాలి. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టించిన హుస్సేన్‌సాగర్‌లో, పడమటి గాలికి వంగుతూ పోయే తెరచాపలు కనబడతాయి. ఇక్కడ ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్ వారు లేజర్ పడవల పోటీలు ఏళ్ల తరబడి నడుపుతూ వచ్చారు. 2009లో మొదలైన హైదరాబాద్ యాట్ క్లబ్ పేదవాడల పిల్లలకు కూడా ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవల మీద శిక్షణ ఇచ్చింది.

అయితే ఇవి కీల్ పడవలు కావు. డింగీలు. ఆ తేడా తెలిస్తే మిగతాదంతా తెలిసినట్టే.

గాలి పక్కనుంచి తోస్తే పడవ పక్కకే పోవాలి కదా, ముందుకెందుకు పోతుంది? తడి సీతాఫలం గింజను రెండు వేళ్ల మధ్య నొక్కి చూడండి, చటుక్కున ముందుకు జారుతుంది. పైన తెరచాప ఒక వేలు, నీళ్లలో నిలువుగా వుండే పలక రెండో వేలు. ఆ పలక పక్కకు జారనివ్వదు గనుక పడవ ముందుకు సాగుతుంది. సరిగ్గా గాలికి ఎదురు పోవడం మాత్రం ఏ పడవవల్లా కాదు. సుమారు 45 డిగ్రీల వాలుగా అటూ ఇటూ మలుపులు తిరుగుతూ పోవలసిందే.

డింగీలో ఆ పలక తేలికైనది, పైకి లాగేయవచ్చు. పడవ ఒరిగితే మనిషే అంచు మీద వెనక్కి వాలి తన బరువుతో నిలబెట్టాలి. లేకపోతే బోల్తా! కీల్ పడవలో పలక కదలదు, పైగా బరువు. తంజావూరు బొమ్మను ఎటు తోసినా లేచి నిలబడుతుందే, అదే సూత్రం.

ఉదాహరణకు 1977 నుంచి అమెరికాలో ఒకే అచ్చులో పోసి అమ్మిన జె-24 తీసుకోండి. రాడ్ జాన్‌స్టన్ రూపకల్పన. పొడవు 7.32 మీటర్లు, మొత్తం బరువు దాదాపు 1,400 కిలోలు, అందులో 430 కిలోలు అడుగునున్న సీసమే. ఇలాంటివి అయిదు వేలకు పైగా తయారయ్యాయి. అన్నీ ఒకటే గనుక పోటీలో గెలుపు డబ్బుది కాదు, చేతి నేర్పుది. ఆ మాట కొంతవరకే నిజమనుకోండి, కొత్త తెరచాపలు కొనగలవాడిది ఎప్పుడూ పైచేయే.

కొనడం ఒక ఎత్తు, ఉంచుకోవడం ఒక ఎత్తు. లేజర్ ఒట్టి తొట్టి అరవై కిలోలలోపే. ఇద్దరు మోసి ఒడ్డున పెట్టేస్తారు. జె-24కు నీటిలోపల 1.22 మీటర్ల లోతు కావాలి. ఒడ్డుకు లాగితే రాదు, క్రేన్ కావాలి, లేదా ఏడాది పొడుగునా నీళ్లలోనే కట్టి వుంచాలి. పాతది కొనేటప్పుడు కుండను వేలితో కొట్టి చూసినట్టు డెక్కును కొట్టి చూడాలి. మొద్దు శబ్దం వస్తే ఫైబర్ పొరల మధ్య వున్న బాల్సా చెక్క నీరు పీల్చిందన్నమాట. కీల్‌ను పట్టివుంచే బోల్టుల దగ్గర తుప్పు చారలు కనబడితే బేరం అక్కడే ఆపడం మేలు. పోటీలో నడపడానికి మామూలుగా అయిదుగురు కావాలి కాబట్టి, అయిదుగురు కలిసి కొనడమే నా దృష్టిలో తెలివైన పని.

మనవాళ్లకు కీల్ పడవ తెలియదనుకోకండి. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి 2018 మే నెలలో తిరిగివచ్చిన నౌకాదళ పడవ తారిణి ఆ జాతిదే, కాకపోతే చాలా పెద్దది. భూమిని చుట్టివచ్చిన ఆ ఆరుగురు మహిళా అధికారులలో బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి, పాతర్లపల్లి స్వాతి విశాఖ అమ్మాయి.

సాగర్ వంటి చెరువుకు మాత్రం డింగీయే సరిపోతుంది, నేర్చుకోవడానికీ అదే మంచిది. తప్పు చేస్తే వెంటనే నీళ్లలో పడేస్తుంది గనుక గాలి తత్వం త్వరగా వంటబడుతుంది. ఇక్కడే నాకొక బాధ వుంది. కీల్ పడవ యజమాని ఒళ్లు తడవకుండా తిరిగి రాగలడు. ఆప్టిమిస్ట్ మీద నేర్చుకునే పదేళ్ల పిల్ల మాత్రం కూకట్‌పల్లి నాలా మురుగు చేరిన ఆ నీళ్లలోనే మునిగి లేవాలి.